నీ వల్ల కాదు

ఆ వీధిలో రొట్టెల బేకరీ నడిపే ఆవిడకి అసలు పేరు ఒకటి ఉండే ఉంటుంది. కానీ ఎవరినడిగినా "తర్వాతక్క" అనే చెబుతారు. ఆ పేరు ఎవరో గిట్టనివాళ్ళు పెట్టింది కాదు, ఆవిడ చేజేతులా తెచ్చుకున్నదే.

ఎదురు దుకాణం దర్జీ ఒకరోజు పొద్దున్నే రొట్టె కొనడానికి వచ్చి, "నిన్న మీ రొట్టె తిన్నాక మా వాడి కడుపునొప్పి ఇట్టే తగ్గిపోయిందక్కా" అన్నాడు. ఇంకొకరైతే పొంగిపోయి మరో రొట్టె ఊరికే చేతిలో పెట్టేవారు. ఈవిడ చేతులకంటిన పిండి దులుపుకుంటూ, "తిన్న తర్వాత తగ్గింది. తిన్నందువల్ల తగ్గిందని నీకెవరు చెప్పారు?" అంది. మెచ్చుకుందామని వచ్చిన మనిషి చీవాట్లు తిన్నట్టు మొహం వేలాడేసుకుని వెళ్ళాడు.

ఎవరి మాటకైనా అదే ప్రశ్న. వీధి చివర మేడలో ఒకాయన కొత్తగా అద్దెకు దిగాడు. ఆయన దిగిన వారంలోనే రెండు సైకిళ్ళు పోయాయి. ఇక వీధంతా గుసగుసలు. బేకరీ మెట్ల మీద నిలబడి ఒకావిడ, "ఆ మనిషి వచ్చాకే కదండీ ఇవన్నీ" అని గొంతు తగ్గించి చెబుతుంటే, లోపల్నుంచి ఠక్కున వచ్చింది: "వచ్చిన తర్వాతా, వచ్చినందువల్లా?" సైకిళ్ళు ఎవరు ఎత్తుకెళ్ళారో ఇప్పటికీ తేలలేదు గానీ, ఆ పెద్దమనిషి మాత్రం వీధి నోళ్ళలోంచి బయటపడ్డాడు.

అంత మంచిదే అయినా, ఇలాంటి మనిషి పక్కన కూర్చుని కబుర్లు చెప్పుకోవడం కష్టమే. కబుర్లంటేనే సగం "వల్ల"లు, సగం "అందుకే"లు. అవి తీసేస్తే ఇక మిగిలేది ఎండా వానా. వాటి గురించి మాట్లాడినా, "మబ్బు పట్టింది కాబట్టి వాన పడుతుంది" అంటే, "పట్టి పడకుండా పోయిన రోజులు లెక్కపెట్టావా?" అని అడిగే రకం ఆవిడ.

బేకరీ వీధివైపు ఒక చిన్న గది, దాని వెనక బట్టీ గది. గోడలోకి కట్టిన ఇటుక బట్టీ, పిండి పిసకడానికి మనిషి పడుకోగలిగినంత చెక్క తొట్టి, రొట్టెల్ని బట్టీలో పెట్టి తియ్యడానికి పొడవాటి పిడి ఉన్న చెక్క పార. వెనక తలుపు తీస్తే పెరడు. పైన రెండు గదుల ఇల్లు. ముందు గదిలో కౌంటరు వెనక, ఎత్తు కుర్చీలో వాళ్ళమ్మ. పెద్దావిడకి ఎనభై దాటినా వేళ్ళలో వణుకు లేదు. రొట్టెను కాగితంలో చుట్టి, పురికొస తిప్పి, ముడి వేసి, పళ్ళతో పుటుక్కున తెంపుతుంది. కత్తెర తెచ్చిస్తే, "నా పళ్ళకేం రోగం?" అంటుంది.

బట్టీ ఒకప్పుడు నాన్నది. ఆయనకి నియమాలు ఎక్కువ. పిండి పొంగుతున్నప్పుడు తలుపు దభీమని వెయ్యకూడదు. బట్టీ గదిలో ఈల వెయ్యకూడదు. పిండి పిసికేటప్పుడు పాట పాడాలి, అదీ ఒకటే పాట, మొదట్నుంచీ చివరిదాకా. వీటిలో ఏది తప్పినా రొట్టె అణిగిపోతుందని ఆయన నమ్మకం. పనివాళ్ళు ఆ గదిలో పిల్లుల్లా తిరిగేవారు.

బట్టీ తన చేతికొచ్చాక కూతురు ఒక్కో నియమాన్నీ నిలబెట్టి అడిగింది. పద్ధతి ఒక్కటే. ఒకసారికి ఒక్కటే మార్చాలి. అదే పిండి, అదే నీళ్ళు, అదే సెగ. మారేది తలుపు చప్పుడు మాత్రమే. కొన్నాళ్ళపాటు ఆ తలుపును గోడ అదిరేలా వేసింది. "తలుపేం పాపం చేసిందే!" అని పైనుంచి అమ్మ కేకలు. రొట్టెలు మాత్రం నిమ్మకు నీరెత్తినట్టు పొంగి కూర్చున్నాయి. ఈల దగ్గర చిక్కొచ్చింది, ఆవిడకి ఈల రాదు. పాలాయన్ని పిలిచి వేయించింది. రొట్టెలకి ఏమీ కాలేదు గానీ, తన ఈల బేకరీకి పనికొచ్చిందని పాలాయన చాలాకాలం కాలరెగరేసుకు తిరిగాడు.

పాట దగ్గర ఆవిడే ఖంగు తింది. పాట మానేసిన రోజు రొట్టె ఇటుకలా వచ్చింది. పాడితే మెత్తగా వచ్చింది. మళ్ళీ మానేస్తే మళ్ళీ ఇటుక. పాటకీ పిండికీ ఏం చుట్టరికమా అని ఆలోచించి ఆలోచించి బుర్ర వేడెక్కింది. చివరికి పాడకుండా, పాట పట్టేంతసేపూ గడియారం చూస్తూ పిసికింది. రొట్టె దూదిలా వచ్చింది. పాట ఉంటే చేతులు చివరి చరణం దాకా సాగుతాయి, లేకపోతే నొప్పి పుట్టగానే ఆగుతాయి. పిండికి చెవులు లేవు, పిసికేవాళ్ళకి ఉన్నాయి. అంత తేలాక కూడా ఆవిడ పాట మానలేదు. ఎందుకని పాలాయన అడిగితే, "గడియారం మొహం చూస్తూ ఎవరు పిసుకుతారు?" అంది.

ఈ పట్టుదలకి ఒక మూలం ఉంది. దాన్ని ఆవిడ పెళ్ళి మాటలు వచ్చినప్పుడు చెప్పలేదు, పెళ్ళి వద్దనుకున్నప్పుడూ చెప్పలేదు. తమ్ముడికి ఒక్కడికే, అదీ ఒక్కసారి చెప్పింది.

అప్పటికి ఆవిడ పదమూడేళ్ళ పిల్ల. రాత్రంతా గాలివాన. పొగగొట్టం మీది రేకు మూత పక్కకి ఒరిగింది. పొద్దున్నే నాన్న పెరట్లో నిచ్చెన వేసుకుని ఎక్కాడు. లోపల తొట్టిలో పిండి అంచు దాటి పొర్లుతోంది. పిల్ల పెరట్లోకి పరిగెత్తి, "నాన్నా! పిండి పొంగిపోతోంది!" అని కేక పెట్టింది. నాన్న ఇటు తిరిగాడు. కాలి కింద మెట్టు విరిగింది. అంతే, ఆయన మళ్ళీ లేవలేదు.

ఇటు తిరిగినందుకు బరువు ఒక పక్కకి పడి మెట్టు విరిగిందా? వానకి నాని, అది ఎలాగూ విరగబోతోందా? అసలు ఆయన తన కేక విని తిరిగాడా, మెట్టు పటపటమంటే తిరిగాడా? పిల్ల ఆ ఒక్క క్షణాన్ని లోపల్లోపల ఎన్నిసార్లు తిప్పి చూసుకుందో లెక్కలేదు. చూసిన ప్రతిసారీ ఒక్కోలా కనిపించేది. ఆ కేక సంగతి ఎవరూ అడగలేదు. ఆమె ఎవరికీ చెప్పలేదు. ఏ క్షణాన ఎవరు "నీ వల్లే" అంటారోనని ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని తిరిగింది.

పనివాళ్ళు తలో దారీ పట్టారు, కొన్నాళ్ళు బట్టీ చల్లగా పడి ఉంది. బేకరీ అమ్మేసి పిల్లల్ని తీసుకుని వచ్చెయ్యమని చుట్టాలు అమ్మని పోరుతున్నారు. అమ్మ ఔననీ అనలేదు, కాదనీ అనలేదు. ఒక పొద్దున పిల్ల ఒక్కతే కిందికి దిగి, చేతిలో కట్టె పట్టుకుని బట్టీ ముందు చతికిలబడింది. ముట్టిద్దామని వచ్చిందో, ఏడుద్దామని వచ్చిందో తనకే తెలియదు. ఏడుపు మాత్రం ఆగలేదు. ఎప్పుడొచ్చిందో, అమ్మ గుమ్మంలో నిలబడి ఉంది. చాలాసేపు చూసింది.

"నీ వల్ల కాదమ్మా" అంది.

పిల్ల తలెత్తింది.

"నీ వల్ల కాదు" అని మళ్ళీ అని, కళ్ళు తుడుచుకుంటూ పైకి వెళ్ళిపోయింది.

పిల్లకి ఏడుపు ఠపీమని ఆగిపోయింది. ఒళ్ళు భగ్గుమంది. నాన్న గురించి ఒక్క ముక్క లేదు, దగ్గరికి తీసుకున్నది లేదు, వచ్చి ఈ మాటా అనాల్సింది? ఎందుక్కాదు నా వల్ల? మర్నాడు తెల్లారకముందే లేచి బట్టీ ముట్టించింది. ఆ రోజు రొట్టెలు బొగ్గులకి అన్నల్లా వచ్చాయి. ఆ మర్నాడు పచ్చిగా వచ్చాయి. అమ్మ ఏమీ అనకుండా వచ్చి కౌంటరు వెనక కూర్చుంది. చుట్టాలు విసిగి వెళ్ళిపోయారు. కొన్ని నెలలకి తినగలిగే రొట్టె వచ్చింది.

ఆ మొదటి మంచి రొట్టెను పిల్ల తీసుకెళ్ళి అమ్మ ముందు పెట్టింది, మాటా పలుకూ లేకుండా. ఇదిగో, నా వల్ల అయింది, చూసుకో అన్నట్టు. ఆ రోజు నుంచి అదే అలవాటు. రోజూ బట్టీలోంచి వచ్చిన మొదటి రొట్టె అమ్మ ముందుకే. అమ్మ దాన్ని వేలితో నొక్కి చూసి, కాగితంలో చుట్టి పక్కన పెట్టుకుంటుంది. పిల్లకి జుట్టు నెరిసినా ఈ పంతం నెరవలేదు. తల్లీకూతుళ్ళు ఒకే కప్పు కింద, ఒకే పనిలో, అవసరమైనంతే మాట్లాడుకుంటూ ఇన్నేళ్ళు గడిపేశారు.

తమ్ముడు అప్పటికి పాలు తాగే పిల్లాడు. పెద్దయ్యాక కాలేజీలో భౌతికశాస్త్రం చెప్పే మేష్టారయ్యాడు. ఒక సెలవు రోజు బట్టీ గదిలో ముక్కాలిపీట మీద కూర్చుని వేడి రొట్టె తింటుంటే అక్క అడిగింది, "నాన్న నియమాల్లో సగం ఉత్తవేనని తేలింది. మీ ప్రకృతి నియమాలూ అంతేనా?"

"నాన్నవి పాటించే నియమాలక్కా. ప్రకృతివి పాటించేవి కావు. తప్పుదామన్నా తప్పలేనివి."

"ఎక్కడో తప్పింది అనుకో?"

"తప్పితే అది నియమమే కాదు. మనమే తప్పుగా రాసుకున్నామని కొట్టేసి మళ్ళీ రాసుకుంటాం."

"గొప్ప తెలివి! ఎప్పుడూ మీరే గెలిచే ఆట" అని నవ్వింది. తర్వాత నవ్వు ఆపి, ఆ కేక సంగతి చెప్పింది. చెబుతున్నంతసేపూ పిండి మీదనుంచి చూపు తియ్యలేదు. "రొట్టె అయితే రేపు మళ్ళీ కాల్చి చూడొచ్చురా. ఒకే ఒక్కసారి జరిగినదాన్ని ఎలా తేల్చుకోవాలి?"

తమ్ముడు చేతిలో రొట్టె పక్కన పెట్టాడు. "తేల్చాలంటే అదే వాన మళ్ళీ కురవాలి. అదే నిచ్చెన మీద నాన్న మళ్ళీ ఎక్కాలి. నువ్వు పిలవకుండా ఊరుకోవాలి. అది ఎవరి వల్లా కాదక్కా."

ఆవిడ తలాడించి పాట అందుకుంది. తమ్ముడు వెళ్ళేటప్పుడు అక్క భుజం మీద చెయ్యి వేశాడు. ఆ సంగతి ఇద్దరూ మళ్ళీ ఎత్తలేదు.

వయసు మీదపడి భుజాలు లాగడం మొదలయ్యాక పిండి పిసకడానికి ఒకావిడని పెట్టుకుంది. మలుపు అవతల సందులో కాపురం, మొగుడు బస్సు డ్రైవరు. గలగలా మాట్లాడే మనిషి. పాట మొత్తం పాడుతుంది గానీ శ్రుతి ఎటు, గొంతు ఎటు. పాలాయన చెవులు మూసుకునేవాడు. ఒక సాయంత్రం బేకరీ కట్టేసే తొందరలో తర్వాతక్క, "పద పద" అని తరిమితే, ఆ కంగారులో కళ్ళజోడు తొట్టి పక్కన మర్చిపోయి వెళ్ళింది. ఇంటికెళ్ళి చూసుకుని, "కాస్త తెచ్చి పెట్టవయ్యా" అని మొగుణ్ణి సైకిలు మీద పంపింది. మలుపులో వ్యాను గుద్దింది. ప్రాణానికి ఏమీ కాలేదు గానీ తుంటి ఎముక విరిగింది. మళ్ళీ బస్సు నడపగలడో లేడో డాక్టర్లు చెప్పలేమన్నారు.

కొన్నాళ్ళకి ఆవిడ పనిలోకి వచ్చింది. పాట లేదు. పిండిలో రెండు చేతులూ పెట్టి అలాగే నిలబడిపోయింది. కన్నీళ్ళు టపటపా తొట్టిలో పడుతున్నాయి.

"నా వల్లే అక్కా. ఒక్కపూట కళ్ళజోడు లేకపోతే చచ్చిపోతానా? నేను పంపకపోతే ఆయన ఆ మలుపులో ఉండేవాడే కాదు."

తర్వాతక్క నోట్లో ప్రశ్న సిద్ధంగానే ఉంది. జీవితమంతా అరగదీసిన ప్రశ్న. అయినా బయటికి రాలేదు. ఎందుకంటే ఆవిడ అన్నదాంట్లో తప్పు పట్టడానికేం లేదు. పంపకపోతే వెళ్ళేవాడు కాదు, నిజమే. వీధిదీపం వెలిగి ఉంటే పడేవాడు కాదు. వ్యాను నడిపినవాడు నెమ్మదిగా వచ్చి ఉన్నా పడేవాడు కాదు. తను "పద పద" అని తరమకపోతే కళ్ళజోడు ఇక్కడ ఉండిపోయేదే కాదు. లాగుతూ పోతే ఆ కళ్ళజోడు చేసినవాడి దాకా పోవాలి. ఇన్ని దారాలు కలిస్తే ఒక మనిషి పడ్డాడు. ఈ పిచ్చిది వాటిలో ఒకటి పట్టుకుని మెడకి బిగించుకుంటోంది. తనూ పదమూడో ఏట అదే పని చేసింది. ఆ ముడి ఇప్పటికీ ఊడలేదు. తర్వాతక్క రుజువూ సాక్ష్యమూ చూసుకోకుండా, బతుకులో మొదటిసారి ఒక మాట అనేసింది.

"నీ వల్ల కాదమ్మా. నీ వల్ల కాదు."

ఆవిడ ఏడుపు ఆపి చూసింది. చేతులకంటిన పిండి మెల్లగా తుడుచుకుంది. ముందు కట్టుకున్న గుడ్డ విప్పి, మడిచి, తొట్టి అంచున పెట్టింది.

"నాకూ తెలుస్తూనే ఉందక్కా. చేతులు ఆడట్లేదు. రేపట్నుంచి ఇంకెవరినైనా చూసుకోండి" అని గడప దాటింది.

తర్వాతక్క కొయ్యబారిపోయింది. దీనికేమొచ్చింది, మంచిమాట చెబితే పని మానేసి పోతుందేమిటి? మడిచిన గుడ్డకేసి చూసింది. సగం పిసికిన పిండికేసి చూసింది. అప్పుడు వెలిగింది. పిండి చేతులతోనే వీధిలోకి పరిగెత్తింది.

"ఒసేయ్, ఆగవే! పని చేతకాదని కాదు నేనన్నది! మీ ఆయన పడ్డం నీ వల్ల కాదని!"

ఎదురు దుకాణంలో దర్జీ మిషను ఆపేశాడు. ఆవిడ వీధి మధ్యలో వెనక్కి తిరిగింది.

"మరి అలా చెప్పొచ్చుగా అక్కా!"

"అలాగే కదే చెప్పాను!"

ఒక్క క్షణం ఇద్దరూ మొహాలు చూసుకున్నారు. ఆవిడకి ఏడుపులోంచే నవ్వు తన్నుకొచ్చింది. "ఎప్పట్లా 'తర్వాతా?' అంటారేమో అనుకున్నాను, కొత్తగా ఇదొకటి నేర్చారా" అంటూ కళ్ళు ఒత్తుకుంది. "లోపలికి పద, పిండి ఎండిపోతోంది" అని తర్వాతక్క ఆవిడ చెయ్యి పట్టుకుని నాలుగడుగులు వేసింది. బేకరీ మెట్ల దగ్గర కాళ్ళు ఆగిపోయాయి.

కౌంటరు వెనక అమ్మ పురికొస ముడి వేస్తోంది.

"అమ్మా, ఆ రోజు బట్టీ దగ్గర నన్నేమన్నావ్?"

ఏ రోజని అమ్మ అడగలేదు. "నీ వల్ల కాదన్నాను."

"ఏది నా వల్ల కాదని?"

"ఏదేమిటే?" అమ్మ వింతగా చూసింది. "మీ నాన్న పోవడం. నువ్వు కేకెయ్యడం పై కిటికీలోంచి నేను చూశాను. నీలో నువ్వు కుమిలిపోతున్నావని తెలుస్తూనే ఉంది."

తర్వాతక్క కుర్చీ కోసం వెతుక్కుని, దొరక్క, పిండి బస్తా మీద కూలబడింది. "రొట్టెలు కాల్చడం నా వల్ల కాదన్నావనుకున్నాను."

అమ్మ చేతిలో కొస వదులైపోయింది. "ఇన్నేళ్ళూనా?"

"ఇన్నేళ్ళూ."

"అందుకా రోజూ మొదటి రొట్టె తెచ్చి నా ముందు పెట్టేదానివి? ప్రేమకొద్దీ పెడుతున్నావనుకున్నానే! రోజూ రాత్రి అదే తింటున్నాను, ఇంకోటి ముట్టకుండా!"

బట్టీ గది గుమ్మంలో పిండి పిసికే ఆవిడ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. తర్వాతక్క మొహం దాచుకోలేదు. పదమూడేళ్ళప్పుడు ఠపీమని ఆగిపోయిన ఏడుపు ఇప్పుడు మళ్ళీ అక్కడి నుంచే మొదలైంది. అమ్మ కౌంటరు చుట్టూ తిరిగి వచ్చి, పిండి చేతుల్ని తన చేతుల్లోకి తీసుకుంది.

"చూశానన్నావు కదా. మెట్టు ముందు విరిగిందా, నాన్న ముందు తిరిగాడా?"

"తెలీదే. కన్నుమూసి తెరిచేలోపు అయిపోయింది."

"తెలియకుండా నా వల్ల కాదని ఎలా అన్నావ్?"

"పిల్ల కట్టె పట్టుకుని వెక్కివెక్కి ఏడుస్తుంటే, అన్నీ తేల్చుకుని వచ్చి చెప్పాలటే?"

అమ్మే మళ్ళీ అంది, "నేనన్నది సరిగ్గా అర్థమై ఉంటే ఏం చేసేదానివి?"

తర్వాతక్క ఆలోచించింది. ఒకసారికి ఒక్కటే మార్చాలి. అదే పొద్దున, అదే కట్టె, అదే అమ్మ. మారేది తనకి తోచిన అర్థం ఒక్కటే. "పైకొచ్చి నీ ఒళ్ళో పడుకునేదాన్ని. బట్టీ ముట్టించేదాన్ని కాదు."

"అప్పుడు ఇది అమ్మేసి చుట్టాలింటికి పోయేవాళ్ళం" అంది అమ్మ. ఇంకాసేపు ఆలోచించి, నడుం నిటారుగా పెట్టి, మొహం వెలిగించుకుంది. "అయితే ఈ బేకరీ ఇన్నాళ్ళు నడిచింది నా వల్లేనన్నమాట!"

గుమ్మంలో పిండి పిసికే ఆవిడ తర్వాతక్కకేసి చూసింది. వీధి దాటి వచ్చి మెట్ల మీద నిలబడ్డ దర్జీ కూడా చూశాడు. ఇద్దరికీ తెలుసు ఇప్పుడు ఏ మాట వస్తుందో. తర్వాతక్క నోరు తెరిచింది. నాలుక చివరిదాకా వచ్చిన ఆ మాటను మింగేసింది.

"నీ వల్లే అమ్మా" అంది.